బ్రేకు దోషం: లక్షణం ఒకచోట, హేతువు మరొకచోట

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. సందర్శకులు దాని సింహాసన సదృశమైన ఆసనాన్ని చూసి ముగ్ధులవుతారు. అంతటి గురుశకటం ఎలా ఆగేదన్న జిజ్ఞాస అరుదుగా ఉదయిస్తుంది.

1913కు పూర్వం ఈ శ్రేణి కార్లలో పాదంతో నొక్కే పెడలు గేరుబాక్సు వెనుకనున్న ఒకే డ్రమ్మును బిగించేది. చేతి లివరు వెనుక చక్రాల డ్రమ్ములపై పనిచేసేది. 1913లో పాద బ్రేకు సైతం వెనుక చక్రాలకు మారింది. ముందు చక్రాలకు బ్రేకులు 1920ల మధ్యకాలానికి గానీ రాలేదు.

కనుక దోషానికీ పరిమితికీ గల భేదాన్ని ప్రప్రథమంగా వివేచించాలి. వేగం తగ్గేటప్పుడు భారం ముందుకు ఒరుగుతుంది, వెనుక చక్రాల పట్టు సడలుతుంది. అప్పుడు గట్టిగా నొక్కితే ఆ చక్రాలు బిగుసుకొని కారు జారుతుంది. ఇది ఆ నిర్మాణానికి సహజధర్మం. ఎంత నిపుణుడైనా దీనికి చికిత్స చేయలేడు. నడిపేవాడు ముందు వాహనానికి తగినంత దూరం పాటించవలసిందే.

నిజమైన దోషాలలో తరచుగా కనిపించేది, బ్రేకు వేయగానే కారు ఒక ప్రక్కకు లాగడం. ఎడమకు లాగితే ఎడమ బ్రేకే చెడిందని అనుమానించడం సహజం. కానీ ఎడమ బ్రేకు తన ధర్మాన్ని సక్రమంగా నిర్వర్తిస్తూ ఉండవచ్చు. కుడిది నూనెతో తడిసి పట్టు కోల్పోయి ఉండవచ్చు. కొంత దూరం నడిపి, రెండు డ్రమ్ముల సమీపానికి చేయి తెచ్చి వేడిని పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. చల్లగా ఉన్నది పనిచేయడం లేదు. బ్రేకు వేయకుండా నడిపినా వేడెక్కినది ఎక్కడో రాసుకుంటున్నది. పిమ్మట వెనుక ఇరుసును జాకీతో ఎత్తి, చక్రాలు దొర్లకుండా అడ్డు పెట్టి, బ్రేకును స్వల్పంగా వేసి ఒక్కొక్క చక్రాన్నీ చేతితో త్రిప్పి చూడాలి.

నూనె కనబడితే లైనింగును మార్చి ఊరుకోవడం అర్ధచికిత్స. ఆ నూనె ఇరుసు గొట్టం వెంట డిఫరెన్షియల్ నుండి వచ్చినదే కావచ్చు. అక్కడ నూనె మితిమీరి నింపారేమో, చివరనున్న ఫెల్టు అరిగిందేమో చూడనిదే క్రొత్త లైనింగు కూడా త్వరలోనే తడుస్తుంది. తడిసిన లైనింగును పెట్రోలుతో కడిగి తిరిగి బిగించే అలవాటు కొందరికి ఉంది. అది ఆత్మవంచన; లోపల ఇంకిన నూనె వేడి తగలగానే మళ్ళీ పైకి వస్తుంది. మార్చితే రెండు ప్రక్కలా మార్చాలి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది గనుక ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

పెడలు లోతుకు దిగితే చాలామంది వెంటనే కడ్డీని బిగించి పొట్టి చేస్తారు. ఫలితం క్షణికంగా మనోహరం. కానీ లివరు కోణం మారి, బ్రేకు పట్టే వేళకు అది కడ్డీకి లంబంగా నిలవదు. అదే పాదబలానికి తక్కువ ఫలం లభిస్తుంది. చక్రపు బేరింగుల వదులు ముందు చూడాలి, తరువాత షూల అరుగుదల, తరువాత తుప్పుపట్టిన కీళ్ళు. కడ్డీ వంతు చిట్టచివర.

1919లో హిస్పానో సుయిజా హెచ్6 కారులో మార్క్ బిర్కిగ్ట్ యాంత్రిక సర్వోను ప్రవేశపెట్టాడు. రోల్స్ రాయిస్ ఆ సూత్రాన్నే అనుజ్ఞతో స్వీకరించింది. గేరుబాక్సు త్రిప్పే ఒక ఘర్షణ ఫలకం కారు చలనం నుండే బలాన్ని గ్రహించి బ్రేకులకు అందిస్తుంది. కారు నిలిచి ఉంటే సర్వో నిష్క్రియం. అందుచేత షెడ్డులో పెడలు నొక్కి చూచి సర్వోను నిందించడం నిరర్థకం. అతిమంద వేగంలో కలిగే స్వల్ప విలంబం కూడా దోషం కాదు. వేగంలో సైతం సహాయం అందకపోతే ఆ ఫలకంపై నూనె చేరిందేమో పరిశీలించాలి.

పరీక్షకు సమతలమైన, నిర్జనమైన మార్గం కావాలి. చేతి బ్రేకు ఒక్కటే కారును నిలపగలదని మందగతిలో నిర్ధారించుకున్న పిమ్మటనే పాద బ్రేకును పరీక్షించాలి. వాలుదారి ఆ తరువాతి మాట.