తోటలో గాడిపొయ్యి, ఆకులో పంపరపనస

మాది కోనసీమ. దీపావళి వెళ్లి కార్తికం రాగానే మా వీధంతా వనభోజనాల మాటే. కాలవగట్టు పక్కన, ఉసిరిచెట్టున్న కొబ్బరితోటనే ఎంచుకునేవారు. ఉసిరి నీడన తింటేనే పుణ్యమని బామ్మ పట్టు.

తెల్లారేసరికి మగవాళ్లు అక్కడ గాడిపొయ్యి తవ్వేసేవారు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి అటే మూతి పెట్టాలి, లేకపోతే పొగంతా వండేవాళ్ల కళ్లలోకే. ఆ రోజులకి నేలలో వానల చెమ్మ ఇంకా ఆరదు. ముందు ఎండు కమ్మలు మండించి గాడిని కాచుకున్నాకే కొబ్బరి డొక్కలు వేసేవారు. గుండిగలో అన్నం ఉడికాక ఇద్దరు గోనెపట్టాలతో పట్టుకుని గంజి వార్చి, పరిచిన అరటాకుల మీద రాశి పోసేవారు. అందులో కొంత చల్లారబెట్టి పులిహోర కలిపేవారు. కందబచ్చలి కూరలో ఆవ పెట్టడం మాత్రం అమ్మ ఎవరికీ వదిలేది కాదు. కూర దించి, వేడి తగ్గాక కలపకపోతే ఆవ చేదెక్కుతుంది.

ఇంట్లో అందరూ తిన్నాక తినే అమ్మ ఆ ఒక్కరోజు మొదటి బంతిలో కూర్చునేది. నాన్నగారు వడ్డించేవారు. నాకు వనభోజనాల పుణ్యమంతా అందులోనే కనిపించేది.

వంట అయ్యేలోపు నకనకలాడే పిల్లలందరినీ మేనత్త చేరదీసేది. ఆవిడ ముందు పంపరపనస కాయలు, దోర జామకాయలు, కీరదోసకాయలు, అప్పుడే రాల్చిన ఉసిరికాయలు. పంపరపనస ఒలవడం మా పని. దళసరి తొక్క, దాని కింద తెల్లటి బెండు తీసేశాక తొనల మీది పొరను ఓపిగ్గా ఒలవాలి. చేదంతా ఆ పొరలోనే. లోపలి గులాబీరంగు ముత్యాలు చితక్కుండా ఆకులో పడితే అత్తయ్య "భేష్‌రా" అనేది. ఆ మాట కోసమే పోటీ పడేవాళ్లం.

రోలు లేదు కదా, నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయలు, గరిటెలో వేయించిన జీలకర్ర, రాళ్లుప్పు అరటాకులో మడిచి రాయితో నలిపేది. పొగవాసన పట్టిన ఆ కారం రుచి ఇంటి కారానికి రాదు. బూరెల కోసం తెచ్చిన బెల్లం చిటికెడు తురిమి, ముక్కలన్నీ కలిపి, ఉప్పుకారం ఆఖర్న చల్లేది. ముందే చల్లితే నీరూరి జామముక్క మెత్తబడిపోతుంది. ఆకుముక్కను దొన్నెలా మడిచి ఈనె గుచ్చి ఇచ్చేది. పులుపు, కారం, వగరు ఒక్కసారే నాలుకకి తగిలేవి. అడుగున చేరిన రసం తాగడానికి దొన్నె ఎత్తి పట్టుకునేవాళ్లం. పైన మంచినీళ్లు తాగితే ఉసిరి వల్ల అవీ తియ్యగానే ఉండేవి.

ఇప్పుడు వనభోజనాలకు కేటరింగు వాళ్లు వండి తెస్తున్నారు. తిండికి లోటేమీ లేదు. కానీ తోటకి వెళ్లి పొయ్యి వెలిగించకపోతే, పిల్లల చేతికి పని ఇవ్వకపోతే అది వనభోజనం కాదని నా నమ్మకం. ఈ కార్తికంలో వంటంతా కాకపోయినా, ఒక్క పంపరపనస కాయైనా పిల్లల ముందు పెట్టండి, వాళ్లనే ఒలవనివ్వండి. నిమ్మకాయ మాత్రం పిండకండి, పంపరపనస పులుపు దానికి చాలు.