మోయబ్ ఎర్రరాళ్ల మీద మా పాత బ్రాంకో

యూటా రాష్ట్రంలో మోయబ్ అని చిన్న ఊరుంది. సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు. ఆర్చెస్, కేన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులు చూడడానికి వెళ్లే మనవాళ్లలో చాలామంది అక్కడే దిగుతారు. రాళ్లెక్కే జీపులకి, పాత ట్రక్కులకి కూడా ఆ ఊరు చాలా ప్రసిద్ధి. 1967లో మొదలైన ఈస్టర్ జీప్ సఫారీకి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో బళ్లేసుకుని వస్తారు.

మావారి దగ్గర 1974 మోడల్ ఫోర్డ్ బ్రాంకో ఉంది. 1966 నుంచి 1977 వరకు వచ్చిన మొదటి తరం బండి, పొట్టిగా పెట్టెలా ఉంటుంది. 1969లో మెక్సికోలోని బాహా ఎడారి పందెంలో లారీ మైనర్, రాడ్ హాల్ అనే ఇద్దరు బ్రాంకో నడిపే అందరికంటే ముందు చేరారు. ఆ కథ మా ఇంట్లో నెలకోసారైనా వినాల్సిందే!

ఈసారి మోయబ్ వెళ్లేముందు దానికి హెడర్లు, డ్యూయల్ ఎగ్జాస్ట్ వేద్దామన్నారు మావారు. అవేమిటంటారా? కట్టెల పొయ్యి గుర్తు చేసుకోండి. పొగగొట్టం ఇరుకైతే పొయ్యి సరిగ్గా రాజదు కదా, ఇంజనూ అంతే. దీనికి పక్కకి నాలుగు చొప్పున ఎనిమిది సిలిండర్లు. కంపెనీ ఇచ్చిన పోత ఇనుము మానిఫోల్డులో నాలుగింటి పొగా ఇరుకులో కలుస్తుంది. తర్వాత రెండు పక్కలదీ ఒకే గొట్టంలోంచి పోతుంది. హెడర్లయితే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం. నాలుగూ కొంత దూరం వెళ్లాకే కలుస్తాయి. డ్యూయల్ ఎగ్జాస్ట్ అంటే ఏ పక్క పొగకి ఆ పక్కనే గొట్టం, మఫ్లర్.

రెండు శనివారాలు పట్టింది. తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే నూనె కొట్టి ఉంచారు. బోల్టు లోపల విరిగితే పని పదింతలవుతుంది మరి. బండిని స్టాండ్ల మీద నిలబెట్టాక మా అమ్మాయి కిందికి దూరింది. ఎడమవైపు ముందు చక్రాలకి శక్తినిచ్చే షాఫ్టు అడ్డం. దానికి తగలకుండా, బ్రేకు పైపులకి వేడి సోకకుండా, ఫ్రేము కన్నా కిందికి వేలాడకుండా గొట్టం పోవాలి. వేలాడితే మొదటి రాయికే నలిగిపోతుంది. చివరలు కూడా క్యాబిన్ దాటి వెనక్కి ఉండాలి, లేకపోతే విషవాయువు లోపలికొస్తుంది. ఇంజన్ వేడెక్కి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. టిక్ టిక్‌మని చప్పుడొస్తే ఎక్కడో పొగ లీకవుతున్నట్టే.

అసలు వాదన మఫ్లర్ల దగ్గర వచ్చింది. మావారికి ఉరుములాంటి శబ్దం కావాలి. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, అక్కడ ఉండేవాళ్ల సంగతి?" అంది. ఆ పిల్ల అడిగిందాంట్లో నిజముంది. బళ్ల మోత భరించలేక 2021లో మోయబ్ నగరం, అక్కడి కౌంటీ శబ్దం మీద నియమాలు పెట్టాయి. 2023లో ప్రభుత్వ భూముల శాఖ లాబ్రింత్ కేన్యన్ చుట్టుపక్కల 300 మైళ్లకి పైగా దారులు మోటారు బళ్లకి మూసేయాలని నిర్ణయించింది. నదిలో పడవల మీద వెళ్లేవాళ్ల ప్రశాంతత కూడా ఆ చర్చలో ఉంది. మన సరదా మోత ఎక్కువైతే ఆ దారులే పోతాయి. చివరికి పెద్ద మఫ్లర్లే వేశాం.

హెల్స్ రివెంజ్ అనే దారి ఊరికి దగ్గరే. అంతా నున్నటి ఇసుకరాయి. ఇనప నాడాల గుర్రాలు జారేవని దానికి స్లిక్‌రాక్ అని పేరు, రబ్బరు టైర్లు మాత్రం పట్టు వదలవు. లో గేరులో బ్రాంకో ఆయాసం లేకుండా ఎక్కింది. పైన ఇంజన్ ఆపితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అవతలి గుట్ట మీద నడిచి వెళ్తున్నవాళ్లు మాకు చెయ్యి ఊపారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉంటే ఒక్క మాట. 1975 నుంచి చాలా బళ్లకి కెటలిటిక్ కన్వర్టర్ వచ్చింది, దాన్ని తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్ల పెట్రోలు బళ్లకి స్మాగ్ పరీక్ష లేదు. మిగతాచోట్ల రూలేమిటో కొనేముందే కనుక్కోండి. మఫ్లర్లు ఎంచుకునేటప్పుడు మీరూ పక్కనే ఉండండి!