రెండూ గాలిని వెనక్కే తోయాలి

హైదరాబాదులో మా ఇంటి భోజనాల బల్ల మీద నాలుగు నెలలుగా ఒక విమానం సగంలో ఆగి ఉంది. టుపొలెవ్ 142. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాముల్ని వెతకడానికి సోవియట్ దేశం తయారుచేసిన విమానం. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. నా దగ్గర ఉన్నది 1:72 స్కేల్ ప్లాస్టిక్ కిట్. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. అదే నా బల్ల మీద 70 సెంటీమీటర్లకు పిసరు తక్కువ. 53 మీటర్ల పొడవు 74 సెంటీమీటర్లకు వస్తుంది. ఇది మొదలుపెట్టినప్పటి నుంచి మేం ముగ్గురం నేల మీద కూర్చునే తింటున్నాం.

కిట్ కట్టడం తెలియనివాళ్లకు రెండు మాటలు. డబ్బాలో ప్లాస్టిక్ చట్రాలుంటాయి. వాటిని స్ప్రూలంటారు. ప్రతి ముక్కా చట్రానికి సన్నని కాడతో అంటుకుని ఉంటుంది, పక్కన ఒక అంకె. ఆ కాడను కత్తిరించి, మిగిలిన బొడిపెను గరుకు కాగితంతో రుద్ది, ముందు జిగురు లేకుండా అమర్చి చూసి, కుదిరాకే అతికించాలి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితంలో మాటలుండవు. ఎన్నో దేశాల్లో అమ్మే వస్తువు కాబట్టి బొమ్మలు, అంకెలు, బాణాలు మాత్రమే ఉంటాయి. బొమ్మ స్పష్టంగా ఉన్నంతసేపు మాట లేని లోటు తెలియదు. బొమ్మ తడబడిన చోట మాత్రం అడగడానికి ఎవరూ ఉండరు.

నాకు 23వ బొమ్మ దగ్గర అలా అయింది. ఈ విమానానికి నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లరుకు నాలుగు బ్లేడ్లు. మొత్తం 32 బ్లేడ్లు. బొమ్మలో ముందు ప్రొపెల్లరుకూ వెనక ప్రొపెల్లరుకూ ఒకే అంకె వేసి ఉంది. బ్లేడ్లు బియ్యపు గింజంత గీశారు, ఏది ఎటు మెలితిరిగి ఉందో కనిపించదు. కాగితాన్ని నమ్మి మొదటి ఇంజనుకు ఎనిమిది బ్లేడ్లూ ఆ అంకెవే అతికించాను. ఆరాక చట్రం చూస్తే ఇంకో అంకెతో పదహారు బ్లేడ్లు అలాగే ఉన్నాయి, వాటి ఊసు కాగితంలో ఎక్కడా లేదు. ముక్కలు లెక్కపెట్టాను. ఒక రకం పదహారు, రెండో రకం పదహారు. అంటే ప్రతి ఇంజనుకూ ఒక్కో రకం నాలుగేసి. అంతవరకు తేలింది. ఏ రకం ముందుకు, ఏది వెనక్కి అన్నది తేలలేదు. ఫొటోలు వెతికాను. ఎగురుతున్న ఫొటోల్లో బ్లేడ్లు మసకగా ఉన్నాయి. నిలిచి ఉన్న వాటిలో ముందు బ్లేడు నీడ వెనక బ్లేడు మీద పడి అంచు కనిపించదు.

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. తోక మీది నిలువు రెక్క కొసకు రెండు వేర్వేరు ముక్కలిచ్చి, రెండింటికీ ఒకే బాణం వేశారు. ముక్కులో బరువు పెట్టాలన్న గుర్తు ఉంది కానీ ఎంత బరువో లేదు. ఆ బరువు సరిపోకపోతే పూర్తయిన విమానం తోక మీద కూలబడి ముక్కు పైకెత్తుకుని ఉంటుంది.

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద ఈ విమానమే మ్యూజియంగా ఉంది. నాకది కొత్త కాదు. 2018లో సెలవులకు వెళ్లినప్పుడు ఇంటిల్లిపాదీ చూశాం, కింద నిలబడి ఫొటోలు తీసుకున్నాం, ముంత మసాలా తిని వచ్చేశాం. ఆ ఫొటోలన్నీ మళ్లీ తీసి చూశాను. పదకొండింటిలోనూ మేమే ఉన్నాం. మా తలల వెనక బూడిద రంగు తప్ప విమానం లేదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీసుకున్నాను. సంచిలో కాగితం, నోటుపుస్తకం, పెన్సిలు, తప్పుగా అతికించిన ప్రొపెల్లర్ల జత. మందుల డబ్బాలో దూది పరిచి దాన్ని పడుకోబెట్టాను. రాజమండ్రి వంతెన మీద రైలు చప్పుడు మారినప్పుడు మెలకువ వచ్చి, డబ్బా తడిమి చూసుకుని మళ్లీ పడుకున్నాను.

పెదవాల్తేరులో మా పిన్ని ఉంటుంది. ముప్ఫై ఏళ్లు ఇంట్లోనే మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. కాఫీ ఇస్తూ, "ఏం పని మీద వచ్చావురా?" అంది. డబ్బా మూత తీసి చూపించి, కాగితం విప్పి, జరిగింది చెప్పాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని ప్రొపెల్లర్లను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"రెండూ ఒకే చేతివి కుట్టేశావు" అంది.

నాకర్థం కాలేదు. మిషను మీద ఉన్న జాకెట్టు గుడ్డ తీసింది. "చేతుల గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తే ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ వస్తాయి. విడిగా పరిచి, కాగితం తిప్పకుండా రెండుసార్లు గీసి కత్తిరించావనుకో, రెండూ కుడిచేతివే వస్తాయి. ముందు చంక లోతు వేరు, వెనక చంక లోతు వేరు. కుట్టేదాకా తెలీదు, తొడుక్కుంటే చెయ్యి పైకి లేవదు. పని నేర్చుకోడానికి వచ్చిన పిల్లలందరూ ఒకసారైనా చేస్తారు. నువ్వూ నేర్చుకుంటున్నావుగా."

నాలుగు నెలలు నేను 'మెలిక', 'కోణం' అనుకుంటూ తిరిగిన చోట పిన్ని రెండు నిమిషాల్లో 'కుడి చెయ్యి, ఎడమ చెయ్యి' అని తేల్చేసింది. బ్లేడ్లలో కుడివీ ఎడమవీ ఉన్నాయి. ఇక తెలియాల్సింది ముందు ఏ చెయ్యి అన్నదే.

మధ్యాహ్నం బీచ్ రోడ్డుకు నడిచాను. రోడ్డుకు ఒక పక్క ఇసుకలో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి, ఎదురుగా ఈ విమానం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న జలాంతర్గామి అది. దాని లాంటి వాటిని వెతకడానికే పుట్టినది ఇది. ఇప్పుడు రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా సముద్రపు గాలి పీలుస్తున్నాయి.

లోపలికి వెళ్లేముందు చుట్టూ తిరిగాను. ఈసారి విమానం మొత్తాన్ని చూడాలన్న ఆత్రం లేదు. నాకు కావలసింది ఒక అంచు. అయినా ఆ అంచు కోసం వెతుకుతుంటే మిగతావన్నీ కనిపించడం మొదలుపెట్టాయి. రెక్కల మీద రేకుల అతుకులు, వరసలుగా రివెట్లు, ఇంజను మూతల గడియలు. ఈ విమానం 2017 ఏప్రిల్‌లో అరక్కోణం నుంచి విశాఖకు ఎగిరి వచ్చింది. విమానాశ్రయం నుంచి ఈ తీరానికి ఎగరడానికి దారి లేదు గనక రెక్కలూ తోకా విప్పి, ముక్కలుగా రోడ్డు మీద తెచ్చి, ఇక్కడ మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అంటే నా ఎదురుగా ఉన్నది కూడా ముక్కల నుంచి కూర్చిందే. 1:1 స్కేల్ కిట్. ఆ ముక్కల్ని ఇక్కడ బిగించినవాళ్ల ముందు కూడా ఒక కాగితం ఉండే ఉంటుంది. వాళ్లకూ ఏదో ఒక బోల్టు దగ్గర సందేహం వచ్చే ఉంటుంది.

ఇంజను కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. 5.6 మీటర్ల వ్యాసం గల ప్రొపెల్లర్లు. నోటుపుస్తకంలో ఒక బ్లేడు గీసి, కొట్టేసి, మళ్లీ గీస్తున్నాను. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చారు.

"ఏటి బాబూ, ఇందాకట్నుంచి అక్కడే చూస్తన్నారు?"

చెప్పాను. డబ్బా తీసి చూపించాను. ఆయన అరక్కోణంలో ఈ విమానాల ఇంజన్ల మీదే ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన శ్రీకాకుళం మనిషి. మనవడిని తీసుకొచ్చారు. నా ప్రొపెల్లరును చూపుడువేలు మీద నిలబెట్టి, తన అరచేతిని బ్లేడులా పక్కకు వాల్చి గాలిలో కదిపారు.

"చూడండి. ఇలా తిప్పితే చెయ్యి గాలిని ఎనక్కి తోస్తాది. అదే చెయ్యిని అలాగే ఉంచి ఇటు తిప్పానంటే, ముందుకు తోస్తాది. ముందుదీ ఎనకదీ ఎదురెదురు తిరుగుతాయి గదా. కానీ రెండూ గాలిని ఎనక్కే తొయ్యాల. అందుకని రెండో చెయ్యి ఎదురు వాలుండాల." రెండో అరచేతిని ఎదురు వాలుగా పెట్టి చూపించారు. "అదొక్కటి గుర్తెట్టుకోండి, కాయితం అక్కర్లేదు."

ఎదురెదురుగా ఎందుకు తిప్పాలో కూడా చెప్పారు. ఒక్కో ఇంజను శక్తి దాదాపు 15,000 అశ్వశక్తి. అంత బలాన్ని ఒక్క ప్రొపెల్లరుతో గాలికి అందించాలంటే అది ఎంతో పెద్దదవ్వాలి, అప్పుడు నేలకు తగులుతుంది. అందుకని రెండుగా పంచారు. ముందు ప్రొపెల్లరు గాలిని సుడి తిప్పుతూ వదులుతుంది. ఆ సుడిలో వృథాగా పోయే బలాన్ని ఎదురు తిరిగే వెనక ప్రొపెల్లరు అందుకుని గాలిని మళ్లీ తిన్నగా పంపుతుంది. ఒకటి విమానాన్ని ఒక పక్కకు మెలితిప్పబోతే రెండోది దాన్ని సరిచేస్తుంది. ఈ విమానం వస్తోందంటే చెవులకే ముందు తెలిసేదట.

తర్వాత ఆయన నన్ను ఒక పక్కకు జరిపి, వెలుగు బ్లేడు మీద ఏటవాలుగా పడే చోట నిలబెట్టారు. అక్కడి నుంచి ముందు బ్లేడు మందపు అంచు ఒక వైపు, వెనక బ్లేడు మందపు అంచు ఎదురు వైపు, స్పష్టంగా కనిపించాయి. గాలిని మొదట కోసేది మందపు అంచే. గీసుకున్నాను. ఆయన చూసి తలూపారు.

తోక సంగతి కూడా అక్కడే తేలింది. నిలువు రెక్క కొస నుంచి వెనక్కి పొడుచుకు వచ్చిన పొడవాటి కడ్డీ ఉంది. జలాంతర్గామి ఉక్కు దేహం భూమి అయస్కాంత క్షేత్రంలో తెచ్చే చిన్న మార్పును పసిగట్టే పరికరం అందులో ఉంటుంది. విమానంలోని సొంత లోహం, కరెంటు దాన్ని తప్పుదారి పట్టించకుండా ఇంజన్లకు దూరంగా తోక కొసన పెట్టారు. కడ్డీ ఉన్న ముక్కే మన విమానానిది. ఎందుకు అక్కడ ఉందో తెలిశాక ఆ ముక్క నంబరు మరిచిపోయినా ఫరవాలేదు.

రంగు గురించి మాత్రం ఆయన ఒక జాగ్రత్త చెప్పారు. ఇప్పుడున్నది ప్రదర్శన కోసం వేసిన రంగు, ఎగిరే రోజుల్లో ఇంజన్ల వెనక పొగ చారలుండేవి, వాటిని కడగడమే పెద్ద పని. మ్యూజియంలోని వస్తువు నిజమే చెబుతుంది, కానీ ఈ రోజు నిజం చెబుతుంది. ఆ మాట కూడా రాసుకున్నాను.

మర్నాడు ఫిషింగ్ హార్బరు దగ్గర వలలు అమ్మే దుకాణంలో సీసం గుండ్లు కొన్నాను. ముక్కు బరువుకు అంతకంటే మంచిది లేదు. చిన్న చోటులో ఎక్కువ బరువు పడుతుంది. ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి కాగితం అక్కర్లేదు. విమానాన్ని టేపుతో తాత్కాలికంగా కూర్చి, రెక్కల కింది చక్రాలు వచ్చే చోట రెండు పెన్సిళ్ల మీద ఆనించి, ముక్కు కిందికి వాలేదాకా గుండ్లు ఒక్కొక్కటే పెడుతూ పోవాలి. ఇంటికి వెళ్లి అలాగే చేశాను. పద్నాలుగు గుండ్లు పట్టాయి, ఇంకో రెండు జాగ్రత్తకు.

తప్పుగా అతికిన జతను విడదీయడం కష్టమైంది. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది, అతుకు దగ్గర ఊడదు. సన్నని రంపంతో నాలుగు బ్లేడ్లు కోశాను. కోసినవి పారేయడానికి లేదు, వేరే ఇంజనుకు అవే కావాలి. ఒక్కోదాని మొదట్లో సూదితో రంధ్రం చేసి, ఇత్తడి తీగ ముక్క దూర్చి, సరైన చోట నిలబెట్టాను. ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసంలో నాలుగు సాయంత్రాలు గడిచాయి.

చివరికి ఒక ఇంజనును టేబుల్ ఫ్యాను ముందు పెట్టాను. ప్రొపెల్లర్లు ఇరుసు మీద వదులుగా తిరిగేలా వదిలాను. ఫ్యాను వేయగానే ముందుది ఒక వైపు, వెనకది ఎదురు వైపు తిరగడం మొదలుపెట్టాయి. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, తన రెండు అరచేతుల్ని ఎదురెదురు వాలుగా పెట్టి చూసుకుంది. నేను తనకు ఆ సైగ చెప్పలేదు. చూసి తనే పట్టుకుంది.

ఆ కాగితం మీద నాకిప్పుడు కోపం లేదు. అది సరిగ్గా ఉండి ఉంటే 32 బ్లేడ్లూ ఒక్క ఆదివారంలో అతికించేసేవాణ్ణి. నా ప్రొపెల్లర్లు సరిగ్గానే ఉండేవి, అవి ఎందుకలా ఉన్నాయో నాకు తెలిసేది కాదు. అదే విమానం కింద రెండుసార్లు నిలబడ్డాను. సందేహం మోసుకెళ్లినప్పుడే దాన్ని చూశాను.

23వ బొమ్మ పక్కన పెన్సిలుతో రాశాను: "అంకె తప్పు. ముక్కలు లెక్కపెట్టండి. ముందుది ఒక చెయ్యి, వెనకది రెండో చెయ్యి. రెండూ గాలిని వెనక్కే తోయాలి." మా వీధి చివర ఇంట్లో పదో తరగతి కుర్రాడు ఇదే కిట్ కొన్నాడు. ఆ కాగితం ఫొటో తీసి వాడికి పంపాను.

24వ బొమ్మలో చక్రాల మధ్య నుంచి సన్నని గొట్టం ఒకటి పోతుంది. అది కాలికి ఏ పక్కన అతకాలో బాణం చెప్పడం లేదు. పిన్నికి ఫోన్ చేశాను, వచ్చే నెల మళ్లీ వస్తున్నానని.