చిన్న కారు – పెట్రోలు పద్దు

మావారి యెడమ మోకాలు క్లచ్చు త్రొక్కలేని స్థితికి వచ్చినందున నిరుడు మేము ఆటోమేటిక్ కారు కొనవలసివచ్చినది. "ఆ బండ్లు పెట్రోలు త్రాగును" అని మా యత్తగారు భయపెట్టిరి. కొంత నిజమే. టార్కు కన్వర్టరు గల బండిలో ఇంజను బలము నూనె ద్వారా సాగుటచే కొంత వ్యర్థమగును. కాని 2014లో మారుతీ సెలేరియోతో మన దేశమున వ్యాప్తికి వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతి వేరు. అందు గేరుపెట్టె మామూలుదే. క్లచ్చు నొక్కుట, గేరు మార్చుట మాత్రమే మనకు బదులు యంత్రము చేయును. వెలయు తక్కువ. గేరు మారునపుడు బండి యొకింత తూగును, దానికి అలవాటుపడితిమి.

అంగడివారు లీటరుకు 24 కిలోమీటర్లనిరి. అది పరీక్షాశాలలో రోలర్లపై నడిపి తేల్చిన లెక్క యట! మేము టాంకు నిండ పోయించి, 420 కిలోమీటర్లు తిరిగి, మరల నిండ పోయించితిమి. 25 లీటర్లు పట్టినది. అనగా 17కు లోపే! పాలపద్దు నుండి సర్దవలసి వచ్చునేమో యని బెంగపడితిమి. తరచి చూడగా, బడియొద్ద పిల్లవానికై ఏసీ వేసికొని, ఇంజను ఆపక అరగంట కూర్చుండుట మా యలవాటు. ఇపుడు బండిని వేపచెట్టు నీడను ఆపి, అద్దములు దించి కూర్చుండుచున్నాము.