బేరాన్ని తెచ్చే మాట

మా గోదావరి జిల్లాల్లో అంగడి పెట్టుకున్నవాణ్ణి వ్యాపారం ఎలా ఉందని ఎవరూ అడగరు. "బేరాలెలా ఉన్నాయి?" అని అడుగుతారు. బేరమంటే ధర తగ్గించమని గీచి గీచి అడగడం మాత్రమే కాదిక్కడ. కొనడానికి వచ్చిన మనిషి కూడా బేరమే. "పొద్దున్నుంచీ ఒక్క బేరం తగల్లేదు" అని నిట్టూర్చే కొట్టువాడి ముందునుంచి వీధి నిండా జనం నడుస్తూనే ఉంటారు. వాళ్ళలో కొందరు కొట్టు ముందు ఆగి చూస్తారు కూడా. అయినా వాళ్ళు బేరాలు కారు. ఇంత చక్కని భేదం మన మాటలోనే ఉండగా, దాన్ని తెలుసుకోవడానికి మా చెల్లెలు అప్పు చేసి తెచ్చిన డబ్బు సగం కరిగిపోవలసి వచ్చింది. అందులో నా పాపమూ కొంత ఉన్నది గనుకనే ఈ టపా.

మా చెల్లెలిది ఆత్రేయపురం చేరువలోని ఒక పల్లె. లొల్ల లాకులు దాటి కాలువ గట్టున పోతుంటే వస్తుంది. పెరటి వసారాలో రెండు పొయ్యిలు. పొయ్యి మీద నున్నని కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండుకొబ్బరి మట్టల మంట. నీళ్ళలా పలుచగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, కన్ను మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. దాన్ని చినగకుండా తియ్యడానికి ఎన్నేళ్ళ చెయ్యి కావాలో నేను చెప్పలేను. నా చేతిలో ప్రతిసారీ ముక్కలే మిగిలాయి. రేకుల మధ్య నెయ్యి రాసి, పంచదార పొడి గానీ బెల్లపు పొడి గానీ చల్లి మడిస్తే పూతరేకు. చెల్లెలితో బాటు మరి ముగ్గురు ఆడవాళ్ళకు ఆ పొయ్యిలే జీవనాధారం. రావులపాలెం రహదారి మీది దుకాణాలవాళ్ళు వచ్చి టోకుగా పట్టుకుపోయేవారు. వాళ్ళు ఇచ్చినదే ధర.

"మనమే నేరుగా అమ్ముకోకూడదా మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. 2022లో పొదుపు సంఘం నుంచి అప్పు తీసుకుని, పట్నంలోని ఒక సంస్థ చేత వెబ్‌సైటు కట్టించారు. గూగుల్‌లో ప్రకటనలు వేసే పని కూడా ఆ సంస్థకే అప్పగించారు. తెలుగు రాతకోతల బాధ్యత మాత్రం నా మీద పడింది. పెద్దమనిషిని, అంతర్జాలంలో అంతకు పదిహేనేళ్ళ ముందునుంచీ తెలుగు రాస్తున్నవాణ్ణి కదా!

మొదటి నెల చివర సంస్థవారు ఒక నివేదిక పంపారు. రంగురంగుల గీతలన్నీ పైకే పోతున్నాయి. సందర్శకులు వేలల్లో ఉన్నారు. చెల్లెలు ఆ కాగితం చూసి, "ఇంతమంది వస్తే మన వీధి పట్టదు కదా అన్నయ్యా, మరి పెట్టెలు ఎనిమిదేగా కట్టాను?" అంది. ఆ ఎనిమిదింటిలో రెండు నేను కొన్నవే.

సంస్థవారిని అడిగితే వచ్చే నెల ఇంకొంచెం ఖర్చు పెడదామన్నారు. వాళ్ళకు తెలిసిన వైద్యం అదొక్కటే. అప్పుడు నేను ఆ ఖాతా తాళాలు అడిగి పుచ్చుకుని, ఒక రాత్రంతా కూర్చుని, జనం ఏయే మాటలు కొట్టి మా గుమ్మంలోకి వచ్చారో ఆ పట్టిక తీసి చదివాను. కీవర్డు అనేదానికి కీలకపదమని తెలుగు చేసుకున్నాం. నాకా మాట ఎప్పుడూ నచ్చలేదు. ప్రకటనదారు డబ్బు కట్టేది ఒక మాటకు, జనం నిజంగా కొట్టేది మరొకటి. మొదటిదాన్ని కీలకపదమనండి, రెండోదాన్ని నేను వెతుకులాట అంటాను. మా సంస్థవారు కొన్న కీలకపదం "పూతరేకులు". ఆ ఒక్క మాటను గూగుల్ తన ఇష్టమొచ్చినంత విశాలంగా అర్థం చేసుకోవచ్చునని అనుమతి కూడా ఇచ్చేశారు. ఇక వచ్చిన వెతుకులాటలు చూడండి: పూతరేకులు ఎలా చేస్తారు, పూతరేకుల కుండ ఎక్కడ దొరుకుతుంది, పూతరేకుల బొమ్మలు, పూతరేకులో ఎన్ని క్యాలరీలు, మధుమేహం ఉన్నవాళ్ళు తినవచ్చునా, పూతరేకు అని వచ్చే పాట. పాట కోసం వచ్చినవాడికి మా చెల్లెలు నెయ్యి ధర చూపించింది. అందుకు తను డబ్బూ కట్టింది.

మీకు గుర్తుండే ఉంటుంది. 2007, 2008 ప్రాంతాల్లో మనందరికీ ఇదొక వినోదం. పుటకు అడుగున ఒక లెక్కపెట్టే యంత్రం తగిలించుకుని, ఎవరు ఏ మాట వెతికి మన గూటికి చేరారో రోజూ చూసుకుని నవ్వుకునేవాళ్ళం. నేను చిన్ననాటి గోదావరి వరద గురించి రాసుకున్న టపాకి కందిపొడి కోసం వెతికిన మనిషి వచ్చాడు. ఎక్కడో ఒక వాక్యంలో కందిపొడి ప్రస్తావన ఉంది పాపం. 2011 అక్టోబరులో గూగుల్ తన ఖాతాలోకి ప్రవేశించి వెతికేవారి మాటలను దాచడం మొదలుపెట్టాక ఆ వినోదం క్రమంగా అడుగంటింది. ఇప్పుడు సెర్చ్ కన్సోల్‌లో కొన్ని మాటలు కనిపిస్తాయి. డబ్బు కట్టినవారికి వేరే పట్టిక ఉంది. 2020 సెప్టెంబరు నుంచి అందులోనూ బహు కొద్దిమంది వెతికిన మాటలను చూపించడం మానేశారు. ఏమైనా, ఆనాడు దారితప్పి వచ్చిన మనిషి మనకు అతిథి. అతని కోసం మనం పైసా కట్టలేదు. చెల్లెలి విషయంలో అతిథి మర్యాద ఖర్చు తడిసి మోపెడయింది.

2002లో ఆండ్రీ బ్రోడర్ అనే శాస్త్రజ్ఞుడు ఆల్టావిస్టాలో జనం వెతికిన మాటలను పరిశీలించి, వెతుకులాటలు మూడు రకాలన్నాడు. ఒక నిర్దిష్టమైన చోటికి పోవడానికి వెతికేవి, ఏదో తెలుసుకోవడానికి వెతికేవి, ఏదో ఒక పని జరుపుకోవడానికి వెతికేవి. కోటిపల్లి బస్టాండులో నిలుచున్న కండక్టరుకు ఈ విభజన ఎప్పుడో తెలుసు. ఫలానా బస్సు ఏదని అడిగేవాడు, అమలాపురానికి ఎంతసేపు పడుతుందని అడిగేవాడు, ఒక టిక్కెట్టు ఇవ్వమనేవాడు ముగ్గురూ నోరు తెరిచిన క్షణంలోనే వేరుపడిపోతారు. మా పట్టికలో ముప్పాతిక మంది రెండో రకం. వాళ్ళ తప్పేమీ లేదు. పూతరేకు ఎలా చేస్తారన్న కుతూహలం ఉత్తమమైనదే. దానికి సమాధానం చెప్పే పుట ఒకటి పెట్టుకోవచ్చు, పెట్టాము కూడా. ప్రకటన మాత్రం వాళ్ళ కోసం కాదు.

లెక్క చెబుతాను. ఒక నొక్కుకు అయిదు రూపాయలనుకోండి, పెట్టెకు అన్ని ఖర్చులూ పోను మిగిలేది ఎనభై అనుకోండి. పదహారు మందిలో ఒకడు కొంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. యాభైమందిలో ఒకడు కొంటే, ఆ ఒక్క పెట్టె అమ్మడానికి చెల్లెలు తన జేబులోంచి నూట డెబ్బై రూపాయలు ఎదురిచ్చినట్టు. కనుక ఏ మాటకు ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క అమ్మకానికి ఎంత ఖర్చయిందన్నది లెక్క. ఆ లెక్క తెలియాలంటే, డబ్బు కట్టడం పూర్తయిన పుట దగ్గర ఒక గుర్తు పాతిపెట్టాలి. ఇది జరిగినప్పుడే బేరమైనట్టు, అని గూగుల్‌కు చెప్పాలి. నెల రోజులపాటు ఆ గుర్తే పెట్టలేదు మా సంస్థవారు.

ముందు చేసిన పని తలుపు మూయడం. తయారీ, ఎలా, బొమ్మలు, పాట, కుండ, వీడియో, క్యాలరీ: ఈ మాటలున్న వెతుకులాటకు మా ప్రకటన చూపవద్దని నిషేధపు జాబితా రాశాను. "కుండ" నిషేధించేటప్పుడు మనసు చివుక్కుమంది. విశాలార్థపు అనుమతి తీసేసి, ఈ మాటలే ఇదే అర్థంలో వస్తేనే చూపమన్నాను. రెండో నెలలో సందర్శకుల గీత నిలువునా కూలింది. ఖర్చు గీతా దానితోనే కూలింది. పెట్టెలు మాత్రం తగ్గలేదు.

తగ్గలేదు కానీ పెరగనూ లేదు. ఇక్కడ నా పాపం చెప్పుకోవాలి. ఆ వెబ్‌సైటు మొదటి పుటకు నేను పెట్టిన శీర్షిక "కోనసీమ మధుర పత్రభక్ష్యము". రాసిన రోజు ఎంత మురిసిపోయానో! ఈ భూప్రపంచంలో ఒక్క ప్రాణి కూడా ఆ మాట కొట్టి మిఠాయి వెతకలేదు. అంతకన్న బాధాకరమైన సంగతి ఇంకొకటి ఉంది. లేఖినిలో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రాసి, తెలుగును తెలుగులోనే రాయండి మహాప్రభో అని కనిపించినవారినల్లా పోరిన తరం మనది. కొన్నవాళ్ళ వెతుకులాటలు చూస్తే నూటికి తొంభై ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. అందులోనూ ఒక పద్ధతి లేదు. పీ తరువాత యూ ఒకటా, ఓలు రెండా? టీ తరువాత హెచ్ ఉందా, లేదా? రేకులును కలిపి రాశారా, విడదీశారా? ఇక్కడికే ఎనిమిది రూపాలు. తెలుగువారు కానివాళ్ళు "పేపర్ స్వీట్" అని వెతుకుతారు. ఎనిమిది రూపాల్లో కొన్నిటిని గూగుల్ ఒకే మాటగా గుర్తుపడుతుంది, కొన్నిటిని పట్టదు. అన్నీ చేర్చాను. నా పత్రభక్ష్యాన్ని తొలగించాను.

అసలు మాటలు దొరికింది మాత్రం కంప్యూటరులో కాదు. చెల్లెలి ఇంట్లో గోడకు వేలాడే ఒక పాత డైరీ ఉంది. ఫోనులో ఎవరు ఏమడిగారో వచ్చీరాని రాతతో అందులో రాసిపెడుతుంది. ఒక ఆదివారం దాన్ని తిరగేశాను. బెల్లంవి ఉన్నాయా. నెయ్యి మీ ఇంటిదేనా. హైదరాబాదుకి ఎన్నాళ్ళు. దారిలో విరిగిపోతాయా. ఎన్ని రోజులు నిలవుంటాయి. అమ్మాయి అమెరికా వెళుతోంది, గట్టిగా కట్టి ఇస్తారా. సారెకు అయిదొందలు కావాలి. శ్రీమంతానికి మూడొందలు, మంగళవారానికి.

ఆ "సారె" దగ్గర ఆగిపోయాను. సారెకు అడిగినవాడు పూతరేకు అంటే ఏమిటని అడగడు, ఎలా చేస్తారని అడగడు. అతనికి తేదీ ఉంది, లెక్క ఉంది, వియ్యంకుల ముందు నిలబెట్టుకోవలసిన పరువుంది. అతను బేరం. ఇంత ముఖ్యమైన మాట మా వెబ్‌సైటులో ఎక్కడా లేదు! "పెళ్ళి సారెకు పూతరేకులు" అని విడిగా ఒక పుట పెట్టి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎలా పెట్టెల్లో సర్దుతాము, విరిగితే ఏం చేస్తాము అన్నవి చెల్లెలు ఫోనులో చెప్పే మాటల్లోనే రాశాను. నెలకు ఆ పుటకు వచ్చేవాళ్ళను వేళ్ళ మీద లెక్కించవచ్చు. గూగుల్ వారి కీలకపదాల ప్రణాళిక పనిముట్టులో ఆ మాటకు ఎదురుగా దాదాపు సున్న చూపిస్తుంది. చెల్లెలి అప్పు తీరింది మాత్రం ఆ సున్నతోనే.

ఈ ముచ్చట కడియపులంకలో మొక్కల తోట ఉన్న మిత్రుడికి చెబితే తేలికగా నవ్వేశాడు. "జామ మొక్క అని అడిగినవాడికి తోట చూపిస్తాను. తైవాన్ పింకు జామ వంద మొక్కలు, బండి ఎప్పుడొస్తుంది అన్నవాడికి కుర్చీ వేస్తాను" అన్నాడు. మాట పొడుగయ్యేకొద్దీ మనిషి దగ్గరవుతాడన్నమాట.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త వచ్చినప్పుడు సందర్శకులు ఒక్కసారిగా పెరిగి మళ్ళీ పడిపోయారు. అది వార్త చదివినవాళ్ళ రద్దీ. అయితే ఊరి పేరు కలిపి వెతికేవాళ్ళలో కొనేవాళ్ళు ఎక్కువని మా పట్టికలో ముందునుంచీ కనిపిస్తూనే ఉంది. జిల్లాల సంగతి వేరు. 2022 ఏప్రిల్‌లో ఆత్రేయపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి పోయింది గానీ, వెతికేవారి వేళ్ళకు ఆ ఉత్తర్వు ఇంకా అందలేదు. రెండు పేర్లూ ఉంచాము.

మాటలకు ఋతువులున్నాయని చెల్లెలే కనిపెట్టింది. సంక్రాంతికి ఒక మాట, వాడపల్లి వెంకన్న శనివారాలకు ఒక మాట. ఆషాఢం సారె అన్న మాట జ్యేష్ఠంలోనే కదలడం మొదలవుతుంది, కనుక ఆ పుట అప్పుడే సిద్ధం కావాలంది. అలాగే చేశాము. ప్రకటన వేసిన నాలుగో రోజున ఫోను చేసింది. బేరాలు లేవని చెబుతుందేమోనని భయపడ్డాను.

"మూడు రోజులు ఆ ప్రకటన ఆపెయ్యి అన్నయ్యా. ముసురు పట్టింది, మట్టలన్నీ తడిసిపోయాయి. రేకు లేవట్లేదు."

ఆపాను. నాలుగో రోజు ఎండ కాసిందో లేదో కనుక్కుని మళ్ళీ పెట్టాలి.