ఒంటికాలి ద్వారము

జపానులోని నాగసాకి పట్టణములో సన్నో అనే షింతో దేవాలయము ఉన్నది. షింతో ఆ దేశస్థుల పూర్వికుల మతము. వారి గుడి ముందు రెండు స్తంభములు, వాటిపై అడ్డుదూలములు గల ద్వారమును నిలుపుతారు. దానిని తోరీ అంటారు.

ట్రాము దిగి కొంచెము నడచి, రాతిమెట్లు ఎక్కి ఆ తోరీని చూచాను. దానికి ఒక్కటే కాలు! 1945 ఆగస్టు 9న ఉదయము 11 గంటల 2 నిమిషములకు ఇక్కడికి సుమారు 800 మీటర్ల దూరములో అణుబాంబు ప్రేలినది. ఒక స్తంభము, దానితో సగము దూలము కూలిపోయినవి. మిగిలిన సగము నేటికీ ఒంటరిగా నిలిచియున్నది. కూలిన రాళ్లను దగ్గరలోనే భద్రపరచారు. పిల్లలు, వృద్ధులు దాని క్రిందుగా తమ దారిన తాము నడచిపోతున్నారు.

మరికొంత ముందుకు వెళ్తే రెండు గొప్ప కర్పూర వృక్షములు. ఆ దినమున వాటి కొమ్మలు విరిగి, మానులు కాలి, ఒక్క ఆకైనను మిగల్లేదు. చచ్చినవే అనుకొన్నారు. కాని అవి మరల చిగిర్చినవి! నేడు గుడి ఆవరణమంతా వాటి నీడయే. వాటి క్రింద నిలిచినప్పుడు, చెట్టును గూర్చి యోబు భక్తుడు పలికిన మాటలు నాకు జ్ఞాపకము వచ్చినవి.

ప్రియ చదువరులారా, ఇదే లోయలో ఉరకామి అనే క్రైస్తవ దేవాలయము ఉన్నది. 1614 మొదలు 1873 వరకు జపానులో క్రైస్తవ మతము నిషేధము. అయినను ఇక్కడి విశ్వాసులు తరతరములుగా రహస్యముగా ప్రార్థించుకొని, స్వేచ్ఛ వచ్చిన తరువాత ఆ గుడిని కట్టుకొన్నారు. ఆ ఉదయము పండుగకు సిద్ధపడుతూ ఒప్పుకోలుకు వచ్చినవారు, ఇద్దరు గురువులు అక్కడే మరణించారు. ఆ సంఘములోని 12 వేల మందిలో సుమారు 8,500 మంది చనిపోయారని అంచనా. ఆ బాంబును వేసిన విమానమో, ఆదివారము గుడికి వెళ్లే ప్రజలు గల దేశము నుండి వచ్చినది.

బాంబు షింతో వారిని, క్రైస్తవులను వేరుపరచలేదు. ఆ సంవత్సరాంతమునకు నాగసాకిలో సుమారు 74 వేల మంది మరణించారు. వారి ఆరాధన వేరు, మన ఆరాధన వేరు. నేను అక్కడ మ్రొక్కలేదు. అయినను తలవంచి మౌనముగా నిలిచాను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కన్నీటికి మతము లేదు గదా!

సమాధానము కొరకు ప్రార్థించునప్పుడు మన సంఘమును, మన దేశమును మాత్రమే తలంచుకొనుట మనకు అలవాటు. మన శత్రువుల బిడ్డలను కూడ పేరుపేరున ప్రభువు సన్నిధికి తెచ్చుటకు ఈ రాత్రి మన కుటుంబ ప్రార్థనలోనే మొదలుపెట్టుదము.