భాషకు ముందు విషయము

1958వ సంవత్సరమున మద్రాసునందలి గిండీ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టము గైకొని వెలువడిన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామవాసి దబ్బాల రాజగోపాలరెడ్డిని, ఏ ప్రోగ్రామింగు భాష నేర్వదలచితివని ఆనాడు అడుగువారు ఉండి యుండరు. ఏలయన ఫోర్ట్రాన్ లోకమునకు వచ్చి అప్పటికి ఏడాది మాత్రమే యైనది, లిస్ప్ ఆ యేటనే జాన్ మెకార్తీ చేతులలో రూపు దాల్చుచుండెను, కోబాల్ ఇంకను పుట్టనే లేదు. ఆ యువకుడు ఆస్ట్రేలియాలో ఎం.టెక్. ముగించి, అచ్చటనే ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేసి, పిదప స్టాన్‌ఫర్డు చేరి, ఆ మెకార్తీకే శిష్యుడై 1966లో డాక్టరేటు నొందెను. మానవుడు పలికిన మాటను యంత్రము గ్రహించుట ఎట్లు అను ప్రశ్నను ఆయన చేపట్టి, దానినే దశాబ్దములపాటు వెంబడించెను. ఆ దశాబ్దములలో యంత్రములు మారినవి, భాషలు మారినవి, ప్రశ్న మాత్రము మారలేదు. 1994లో ట్యూరింగు పురస్కారము ఆయనకు, ఎడ్వర్డు ఫైగన్‌బామ్‌కు కలిపి లభించినది.

ఆయన 1969లో వచ్చి చేరిన పిట్స్‌బర్గు నగరమే నేడు నాకు నివాసము. పుట్టినది మాత్రము కోలారు తాలూకాలోని వేమగల్ హోబళి. పండుగనాడు ఇంటికి ఫోను చేసినచో, వానలు, పట్టుగూళ్ల ధర, బోరుబావుల లోతు మొదలగు ముచ్చటలు ముగిసిన పిమ్మట, కళాశాలలో చదువుచున్న మేనల్లుండ్రలో ఎవరో ఒకరు తప్పక అడుగుదురు: “మామా, పైథాన్ నేర్చుకుంటే మేలా, జావానా? లేకుంటే రెండూ ఒదిలేసి ఏఐలోకి పోదునా?” ఈ ప్రశ్న వెనుక ఒక కుటుంబము యొక్క అప్పు, ఆశ, పరువు మూడును ఉన్నవని యెరిగినవాడను గనుక, దీనికి తేలికగా ఉత్తర మిచ్చుటకు నాకు మనసొప్పదు.

మా ప్రాంతపు బిడ్డ ఇంట తెలుగున మాటాడును, బడిలో కన్నడమున చదువును, బంగారు గనుల వైపు పోయినచో తమిళమున బేరమాడును. టమోటా మండీలో నిలిచినప్పుడు సరకును ఎరిగిన వానికి ఏ భాషయందైనను బేరము కుదురును, ఎరుగనివానికి మూడు భాషలు వచ్చినను నష్టమే మిగులును. కంప్యూటరు భాషల సంగతియు ఇంతే యని నా నిశ్చయము. దత్తాంశమును జ్ఞాపకమున ఎట్లు అమర్చవలెను, ఒక పని పదింతలైనప్పుడు కాలవ్యయము ఎన్నింతలగును, దోషము ఎక్కడ పుట్టినదో ఎట్లు వెదకవలెను అను విషయములు 1972లో డెన్నిస్ రిచీ నిర్మించిన సి భాషకును, 1991లో గీడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్‌కును సమానమైనవే. పైథాన్ యొక్క ప్రధాన నిర్వాహకము (ఇంటర్‌ప్రెటరు) సి భాషలోనే రచింపబడి యుండుటయే దీనికి చాలినంత సాక్ష్యము.

నేను అమెరికాకు కోబాల్ బలమున వచ్చితిని. 2000 సంవత్సరపు తేదీల చిక్కు తీరునంతవరకు ఆ భాష తెలిసినవారికి గిరాకి మిక్కుటముగా నుండి, అది తీరినంతనే చప్పున సన్నగిల్లినది. ఆ పిదప నాతో పనిచేసినవారిలో పెక్కురకు అన్నము పెట్టినది, ఆ ప్రోగ్రాముల లోపల దాగిన బ్యాంకు లెక్కల పరిజ్ఞానమే: వడ్డీ ఎన్నడు చేరును, ఖాతా ఎట్లు ముగియును, రెండు పద్దులు పొసగనప్పుడు ఎవరిని అడుగవలెను అనునది ఎరిగినవారు జావా వచ్చినప్పుడు జావాలోనికి సునాయాసముగా నడచిరి.

సాధనము పోయినను విషయజ్ఞానము నిలుచునను మాటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము మా జిల్లాలోనే కలదు. కోలారు బంగారు గనులు (కె.జి.ఎఫ్.) 1880 ప్రాంతమున జాన్ టైలర్ కంపెనీ చేతిలోనికి వచ్చి, 1902లో శివనసముద్రపు విద్యుత్తును పొంది, మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు దిగి, 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడెను. ఆ పని తప్ప మరొకటి ఎరుగని వేలాది కుటుంబములు వీధిన పడుట వారి దోషము కాదు. తండ్రులు గనిలోనికి దిగిన చోట, బిడ్డలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరునకు కూలికిని కొలువునకును పోవుచున్నారు. అయితే, ఆ గనులలో రాతిపొరలు ఒత్తిడికి పగిలి ప్రాణములు తీయుటను తరతరములుగా గమనించి కూర్చిన శిలాశాస్త్రజ్ఞానము మాత్రము గనితో మరణింపలేదు. 1988లో కె.జి.ఎఫ్.లోనే వెలసిన జాతీయ శిలాయాంత్రిక సంస్థ ఆ విద్యను సొరంగములకును, జలవిద్యుత్తు నిర్మాణములకును వినియోగించినది. బంగారము తరిగినది గాని, రాయిని ఎరిగినవాని అవసరము తరుగలేదు. పిట్స్‌బర్గునందును ఇదే కథ: 1986లో హోంస్టెడ్ ఉక్కు కర్మాగారము మూతపడినది, అంతకు మునుపే 1979లో ఆ రాజగోపాలరెడ్డియే తొలి సంచాలకుడుగా వెలసిన రోబోటిక్స్ సంస్థ ఈ ఊరికి మరొక జీవనమార్గమునకు పునాది వేసినది.

ఇక నేటి వేమగల్. నా బాల్యమున మల్బరీ తోటలున్న ప్రాంతమున నేడు పారిశ్రామికవాడ కలదు. టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ వారి వేమగల్ శాలయందు కూర్చబడిన టీశాట్-1ఏ ఉపగ్రహము 2024 ఏప్రిల్‌లో కక్ష్య చేరినది; ఎయిర్‌బస్ హెచ్125 హెలికాప్టరుల తుది కూర్పు ఇచ్చటనే జరుగునని 2025లో ప్రకటన వెలువడినది; సమీపమున నరసాపురలో హోండా బండ్లును, ఐఫోనులును తయారగుచున్నవి. కూర్పుశాలలలో విమానపు ప్రోగ్రాములు రచింపబడునని భ్రమపడరాదు. అచ్చట కావలసినవారు యంత్రములను నడుపు పి.ఎల్.సి. పరికరములను, వాటి ల్యాడర్ లాజిక్‌ను, సెన్సారుల నుండి వచ్చు సంకేతములను, పరీక్షాపద్ధతులను ఎరిగినవారు. అట్టి పనియందు అభిరుచి గలవానికి సి భాషయే మొదటి మెట్టు. ఉపగ్రహచిత్రములను చదివి ఏ చెరువున ఎంత నీరున్నదో, ఏ పొలమున పంట వాడుచున్నదో తేల్చ నుత్సహించువానికి పైథాన్ చాలినంత సాధనము. జీవనదులు లేని జిల్లాలో, 2018 నుండి బెంగుళూరులో శుద్ధి చేసిన నీటితో చెరువులు నింపుకొనుచున్న చోట, ఈ రెండవ పని చిన్నది కాదు. రంగమును ముందుగా నిర్ణయించుకొన్నచో భాష దానంతట అదే తేలును.

నేడు యంత్రమే ప్రోగ్రామును వ్రాయుచుండగా మేము నేర్వనేల అని కొందరు నిరుత్సాహపడుచున్నారు. వ్రాయుట సులభమైన కొలది, వ్రాసినది సరియో కాదో తేల్చుట కష్టతరమగుచున్నదని నా దినదినానుభవము. ఆ తేల్చు శక్తి విషయజ్ఞానము వలననే కలుగును.

కావున మా ఊరి విద్యార్థులకు నా విన్నపము: శిక్షణ కేంద్రపు ప్రకటన చూచి ఆరు భాషల పేర్లు బయోడేటాలో చేర్చకుడు. ఒక భాషను పట్టుకొని, దానితో మీ హోబళిలోని ఒక్క చెరువు నీటి లెక్కయో, ఒక్క పట్టురైతు జమాఖర్చో, ఒక్క మోటారును ఆపి నడుపు పరికరమో పూర్తిచేసి, వాడువానికి అప్పగించుడు. అది పనిచేసిన పిమ్మట, తరువాత ఏ భాష నేర్వవలెనని నన్ను అడుగుడు.